చూసిన తేదీ: బుధవారం

2011వ సంవత్సరం. అప్పటికి నేను తార్నాక పక్కనున్న విశ్వవిద్యాలయం లైబ్రరీలో రిఫరెన్స్ విభాగం చూస్తున్నాను. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే కౌంటర్ వేరు, మాది వేరు. పరిశోధన చేసే విద్యార్థులకు ఏ పుస్తకం, ఏ పత్రిక, ఏ వెబ్‌సైట్ చూడాలో చెప్పడం, చూసినదాన్ని వాళ్ల డిసర్టేషన్ చివర సరిగ్గా రాయించడం మా పని. ఆ చివరి రాతను సైటేషన్ అంటారు. ఫలానా మాట నేను ఎక్కడి నుంచి తెచ్చాను, ఎవరు చెప్పారు, ఎప్పుడు చెప్పారు అని చదివేవాళ్లకు ఒప్పజెప్పడమన్నమాట. చాలామందికి ఇది వట్టి చాదస్తం. "కూర బాగుందన్నా కూడా ఎవరు చెప్పారని అడుగుతుంది" అని మావారు చుట్టాల ముందు నా పరువు తీసేవారు.

డాక్టర్లకు, లాయర్లకు కేసులుంటాయి గానీ లైబ్రేరియన్‌కు కేసేమిటని మీకు అనిపించవచ్చు. నాకు ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కటే తగిలింది. అది నిజంగా పోలీసు కేసు. దాని గురించి ఇప్పుడు రాస్తున్నాను గానీ, అందులో నేను చేసింది తప్పో ఒప్పో ఈరోజుకీ నాకు తేలలేదు.

ఆ రోజుల్లో క్యాంపస్ అంటే తెలంగాణ ఉద్యమమే. పొద్దున ధర్నా, మధ్యాహ్నం ర్యాలీ, చౌరస్తాలో ముళ్లకంచె, మా కిటికీల దాకా వచ్చే టియర్ గ్యాస్ ఘాటు. లైబ్రరీ ఏ రోజు తెరుస్తామో, ఏ రోజు మూస్తామో మాకే తెలిసేది కాదు. ఒకరోజు గేటు మూసి లోపల రీడింగ్ హాలు నడిచేది, ఒకరోజు గేటు తెరిచి లోపల ఎవరూ ఉండేవారు కాదు. మా నాన్నగారు తెనాలి నుంచి ఉద్యోగానికొచ్చి తార్నాకలో ఇల్లు కట్టుకున్నారు. నేను పుట్టింది సికింద్రాబాద్‌లో, బడికి వెళ్లింది సీతాఫల్‌మండిలో. అయినా ఆ రెండు మూడేళ్లూ నేను 'ఆంధ్రా మేడం'ని. ఎవరూ నన్ను నొప్పించాలని అనలేదు. కానీ అన్నప్పుడల్లా నేను ఏదో సంజాయిషీ ఇచ్చుకోవాల్సి ఉన్నట్టు అనిపించేది.

ఆ అమ్మాయి పేరు స్వరూప. జనగామ దగ్గర ఒక పల్లె. వాళ్ల అమ్మ రెండు బర్రెలతో ఇల్లు నడిపేది. స్వరూప ఎం.ఫిల్.లో తీసుకున్న అంశం కూడా అదే, వాళ్ల మండలంలో మహిళల పాల సంఘాలు ఎలా నడుస్తున్నాయని. ఉమెన్స్ హాస్టల్‌లో ఉండేది, విద్యార్థినుల కమిటీలో పేరు కూడా ఉంది. మనిషి సన్నగా ఉంటుంది గానీ గొంతు లేస్తే హాలంతా తలెత్తి చూడాల్సిందే.

మొదటిసారి నా దగ్గరికి తెచ్చిన కాగితాల్లో ప్రతి పేజీ అడుగునా ఒకటే రాసి ఉంది, 'మూలం: ఇంటర్నెట్' అని.

"ఇంటర్నెట్ అంటే ఎవరమ్మా? మీ ఊరి సర్పంచా?" అన్నాను.

"సర్పంచ్ అయితె తెలిసినోడే మేడం, సగం అబద్ధాలు చెప్తడని ఎరుకే" అంది నవ్వకుండా.

ఆ మాటతో నాకా పిల్ల నచ్చింది. కూర్చోబెట్టి చెప్పాను. ఏ వెబ్ పేజీ కనిపించినా నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. ఎవరు రాశారు? వాళ్లకెలా తెలుసు? ఎప్పుడు రాశారు? నువ్వు ఎప్పుడు చూశావు? చివరిది చాలామందికి అర్థం కాదు. పుస్తకం ఒకసారి అచ్చయితే మారదు, వెబ్ పేజీ పొద్దున ఒకలా, సాయంత్రం ఇంకోలా ఉంటుంది. ఉద్యమ కాలంలో అయితే మరీను. నిన్న ఉన్న పేజీ ఇవాళ ఉండదు. అందుకే సైటేషన్‌లో 'చూసిన తేదీ' అని ఒక ముక్క రాయాలి.

దానికి నేను పెట్టిన పద్ధతి ఒకటుంది. మా డిజిటల్ సెక్షన్‌లో ఆరు పాత కంప్యూటర్లుండేవి. విద్యార్థి పేజీని అక్కడే ప్రింట్ తీయాలి. ప్రింట్ తీస్తే కాగితం అడుగున సైట్ చిరునామా, ఆనాటి తేదీ కంప్యూటరే వేస్తుంది. దానిమీద నేను పొట్టి సంతకం పెట్టి ఫైల్లో దాస్తాను. రేపు ఆ పేజీ మాయమైనా మా ఫైల్లో ఉంటుంది. "మీ జ్ఞాపకం మీద రాయకండి, కాగితం అడుగున ఏ తేదీ ఉంటే అదే రాయండి" అని ప్రతి బ్యాచ్‌కూ చెప్పేదాన్ని. ఈ పద్ధతి గురించి నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

స్వరూపతో ఒకసారి గట్టిగానే గొడవ అయింది. ఉద్యమాన్ని సమర్థించే ఒక బ్లాగులో పాల ధరల గురించి ఉన్న పేరాను తెచ్చింది. అవే వాక్యాలు, అర్థం తిరగేసి, సమైక్యవాదుల సైట్‌లో కూడా ఉన్నాయి. ఎవరు ఎవరి దగ్గర కాపీ కొట్టారో, అసలు ఎవరికైనా తెలుసో లేదో దేవుడికెరుక. నేను ఆ పేరా తీసెయ్యమన్నాను.

"మావోళ్ల సైట్ అని కొట్టేస్తున్రా మేడం? ఆంధ్రోళ్లు రాస్తెనే కరెక్టా?" అంది. హాల్లో నలుగురు తలెత్తారు.

నా ముఖం వేడెక్కింది. "రెండూ కొట్టేస్తున్నాను. ఇద్దరిలో ఎవరూ అది ఎలా తెలుసో రాయలేదు. ఎవరైనా సరే, తమకెలా తెలిసిందో చెప్పాలి" అన్నాను.

కాసేపు ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. మర్నాడు వచ్చి, ఆ పేరా తీసేసి, నేరుగా పాల కేంద్రానికి పోయి రిజిస్టర్ చూసొస్తానంది. వెళ్లి చూసొచ్చింది కూడా. ఆ తర్వాత ఆమె తెచ్చిన ప్రతి పేజీకీ నాలుగు జవాబులు ముందే రాసి ఉండేవి. ఆ ఏడాది వానాకాలం ముగిసేలోపు డిసర్టేషన్ పూర్తి చేసి ఇచ్చేసింది. చివర ఉన్న సైటేషన్లలో ఏడు వెబ్ పేజీలకు 'చూసిన తేదీ' ఒకటే, జూలైలో ఒక బుధవారం. నేను ఫైలుతో సరిపోల్చి సంతకం పెట్టాను.

2012 జనవరిలో మళ్లీ వచ్చింది. వచ్చిన తీరు చూస్తేనే ఏదో జరిగిందని తెలిసింది. కుర్చీ అంచున కూర్చుని చేతిసంచి ఒళ్లో గట్టిగా పట్టుకుంది.

"మేడం, నాకు గవర్నమెంట్ రెసిడెన్షియల్ కాలేజీల లెక్చరర్ పోస్ట్ వచ్చింది. పోలీస్ వెరిఫికేషన్ల నా మీద కేసున్నదని తెలిసింది."

"నీ మీదా? ఏం కేసు?"

"తార్నాక చౌరస్తల రాళ్లేసిన కేసు. బస్సు అద్దాలు పలిగినయి గద, ఒక కానిస్టేబుల్ తలకు దెబ్బ తాకింది. ఎఫ్.ఐ.ఆర్.ల పద్దెనిమిది పేర్లున్నయట. కమిటీ లిస్టు పట్టుకొని రాసుకున్నరేమో, నా పేరు గూడ ఉన్నది. నాకు ఇప్పటిదాంక తెల్వనే తెల్వదు."

ఆ గొడవ జరిగింది జూలైలోని ఆ బుధవారమే. విద్యార్థుల కేసులు ఫీజు లేకుండా చూసే ఒక లాయరు గారు ఆమెకు చెప్పారట, ఆ రోజు నువ్వు వేరేచోట ఉన్నావని కాగితం చూపించగలిగితే, నెలాఖరులోపు పేరు తీయించే ప్రయత్నం చేయొచ్చని. నెలాఖరు దాటితే వెరిఫికేషన్ రిపోర్టు పైకి పోతుంది, పోస్టు జాబితాలో తర్వాతి వాళ్లకు పోతుంది.

"నేను గా రోజు గీడనే ఉన్న మేడం, మీ లైబ్రరీల. నా డిసర్టేషన్లనే ఉన్నది, చూసిన తేదీ. ప్రింట్లు మీ ఫైల్ల ఉంటయి. మీరు ఒక్క లెటర్ ఇస్తే చాలట."

నా ప్రాణం లేచొచ్చింది. నేను ఏళ్ల తరబడి అందరూ విసుక్కుంటున్నా పట్టుబట్టి చేయించిన పని ఒక ఆడపిల్ల బతుకును కాపాడబోతోంది! వెంటనే బీరువా తీసి ఫైలు దించాను. ఏడు కాగితాలూ ఉన్నాయి. ఏడింటి అడుగునా ఆ బుధవారం తేదీ, పక్కన నా పొట్టి సంతకం. స్టాఫ్ హాజరు పట్టీ కూడా తెప్పించి చూశాను. ఆ బుధవారం గడిలో నా సంతకం ఉంది, మిగతా వాళ్లవీ ఉన్నాయి. అంటే లైబ్రరీ నడిచింది. ఆ ఏడు కాగితాలకూ జిరాక్స్‌లు తీయించి ఆమె చేతికిచ్చి, "లెటర్ ఎల్లుండి వచ్చి తీసుకో" అని ధైర్యం చెప్పి పంపించాను.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ లెటర్‌లో ఆ రోజు గొడవ ఏ సమయానికి జరిగిందో కూడా రాస్తే బలంగా ఉంటుందని, ఆ వారం దినపత్రికల కట్ట తీయించాను. మా దగ్గర పేపరు రాగానే దానిమీద లైబ్రరీ తేదీ ముద్ర వేస్తారు. బుధవారం పేపరు మీద బుధవారం ముద్ర ఉంది. గురువారం పేపరులో గొడవ వార్త ఉంది, ఉదయం పదకొండు గంటలకు అని. చదివి పేజీ మూయబోతూ చూశాను. గురువారం పేపరు మీద కూడా బుధవారం ముద్రే ఉంది.

ఏదో పొరపాటనుకున్నాను. శుక్రవారం పేపరు తీశాను. దాని మీదా బుధవారమే.

శుక్రవారం అచ్చయిన పేపరు బుధవారం మా లైబ్రరీకి ఎలా వచ్చింది? కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాను. ఎల్లయ్యను పిలిచాను. ఎల్లయ్య మా విభాగం అటెండర్, లాలాపేట్‌లో ఉంటాడు, రిటైర్మెంట్‌కు రెండేళ్లున్న మనిషి. పొద్దున తాళం తీసేదీ, సాయంత్రం వేసేదీ అతనే.

"ఎల్లయ్యా, ఈ ముద్రేమిటి? మూడు రోజుల పేపర్ల మీదా బుధవారమే ఉందేం?"

అతను ఏమాత్రం తడుముకోలేదు. "బందుల మూడు దినాలవి ఒక్కపారి వచ్చినయి గద మేడం. శుక్కురారం తాళం తీసినంక అన్నిటి మీద గుద్దిన."

"శుక్రవారం గుద్దితే శుక్రవారం ఉండాలి కదా?"

"ముద్దెర మంగళారం పొద్దుమీకి మర్నాటి తారీకుకు తిప్పి పెట్టి పోయిన. రోజు గట్లనే జేస్త. మళ్ల వచ్చింది శుక్కురారం. ముద్దెర మీద బుధారమే ఉండె. మధ్యాన్నం కౌంటర్ల లొల్లి జేస్తె జరిపిన."

అడగకూడదనుకుంటూనే ఇంకో ప్రశ్న అడిగాను. మా కంప్యూటర్లు బాగా పాతవి. లోపల ఉండే చిన్న బ్యాటరీ చచ్చిపోయి, ఆపగానే తేదీ మరిచిపోయేవి. తేదీ తప్పుంటే కొన్ని సైట్లు తెరుచుకోవు. అందుకని రోజూ పొద్దున ఎల్లయ్యే ఆరింటికీ తేదీ పెట్టేవాడు.

"మరి కంప్యూటర్లలో తేదీ ఏం చూసి పెడతావు?"

"ముద్దెర చూసే పెడ్త మేడం. ముద్దెర మీద ఏముంటే గదే."

"ఆ శుక్రవారం కూడా?"

"గా దినం గూడ గంతే. మధ్యాన్నం ముద్దెర జరిపిన గని కంప్యూటర్లు ఇడిసిపెట్టిన. మంది కూసొని ఉండిరి."

"అయితే బుధవారం లైబ్రరీ తెరవలేదా? హాజరు పట్టీలో నా సంతకం ఉంది కదయ్యా!"

ఎల్లయ్య నా వంక జాలిగా చూశాడు. "అందరియి ఉన్నయి మేడం. నాది గూడ ఉన్నది. బందు, సమ్మె దినాలు డ్యూటీ కింద రాస్తమని చెప్పి ఆఫీసోళ్లు అందరితోని ఒక్క దినమే సంతకాలు పెట్టిచ్చిన్రు గద. నేను లాలాపేటల నా ఇంట్ల ఉన్న. తాళంచెవి నా తాన్నే ఉండె."

ఎల్లయ్య చెప్పేదాకా ఆ బుధవారం నేను లైబ్రరీలో ఉన్నాననే నమ్మాను. కిటికీ దగ్గర నిలబడి పొగ చూసినట్టు కూడా గుర్తుంది. ఆ కిటికీ లైబ్రరీదో, మా ఇంటిదో ఇప్పుడు చెప్పలేకపోయాను. హాజరు పట్టీలో సంతకం చూశాక లైబ్రరీ కిటికీ అయింది, ఎల్లయ్య మాట విన్నాక మా ఇంటి కిటికీ అయింది. పదేపదే 'వాళ్లకెలా తెలుసు?' అని పిల్లల్ని నిలదీసిన దాన్ని, మా సొంత కంప్యూటర్‌కు తేదీ ఎలా తెలుస్తోందని ఒక్కరోజు అడగలేదు.

ఇక స్వరూప సంగతి. ఆ ఏడు పేజీలూ ఆమె చూసింది శుక్రవారం. బుధవారం లైబ్రరీలో లేదు, ఎవరూ లేరు. అయితే అంతమాత్రాన చౌరస్తాలో ఉన్నట్టా? అదీ కాదు. హాస్టల్‌లో ఉండొచ్చు, ఊళ్లో ఉండొచ్చు. ఆమె అబద్ధం చెప్పిందా అంటే, నేనే చెప్పాను కదా, నీ జ్ఞాపకాన్ని కాదు, కాగితాన్ని నమ్ము అని. నమ్మింది. ఎటు నుంచి ఆలోచించినా మళ్లీ మొదటికే వచ్చేది.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఆ గందరగోళంలోనే ఉన్నాను. ఒకరికి పుస్తకం బదులు పాత సూచిక ఇచ్చి పంపాను. చివరికి తలుపు దగ్గరికి వేసుకుని లెటర్ టైప్ చేశాను. 'ఫలానా విద్యార్థిని ఆ బుధవారం ఉదయం పది నుంచి సాయంత్రం నాలుగు దాకా మా డిజిటల్ సెక్షన్‌లో పని చేసుకున్నట్టు రికార్డుల ప్రకారం ధ్రువీకరించడమైనది.' రికార్డుల ప్రకారం అన్న ముక్క చూసుకుని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. రికార్డులు అలాగే ఉన్నాయి కదా, తేదీ నేను కల్పించింది కాదు కదా అని. సంతకం చేసి గుండ్రటి ముద్ర వేశాను.

ఎందుకు చేశానో దాచకుండా చెబుతాను. ఆ పిల్ల మీద నిజంగా ప్రేమ ఉంది. రెండు బర్రెలతో ఆమెను అంతదాకా చదివించిన తల్లి కళ్లలో మెదిలింది. దాంతోపాటు భయం కూడా ఉంది. లెటర్ ఇవ్వనంటే, తెలంగాణ పిల్ల ఉద్యోగం ఆంధ్రా మేడం పోగొట్టిందని క్యాంపస్ అంతా అనుకుంటుందని. ఈ రెండింటిలో ఏది ఎక్కువో నన్ను అడగొద్దు.

స్వరూప అనుకున్న రోజే, మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది. లెటర్ కవర్లో పెట్టి ఉంచాను. బల్ల మీద ఆమె వైపు జరిపాను. తీసుకోలేదు. సంచీలోంచి ఒక కాగితం తీసి కవర్ పక్కన పెట్టింది. ఆ ఏడు పేజీల్లో ఒకదాని జిరాక్స్. పాల సంఘాల సమాఖ్య వాళ్ల వెబ్‌సైట్‌లో పెట్టిన నోటీసు.

"మేడం, గీ లైన్ సదువున్రి."

ఎర్ర ఇంకుతో గీత గీసి ఉంది. చదివాను. 'మొన్న బుధవారం, నిన్న గురువారం బంద్ కారణంగా పాల సేకరణ జరగనందున సభ్యులకు కలిగిన నష్టానికి చింతిస్తున్నాము.' కింద, పేజీ అడుగున, అదే బుధవారం తేదీ. పక్కన నా సంతకం. అడుగున తేదీ చూసి సంతకం పెట్టానే గానీ, పైన ఏముందో నేను చదవనే లేదు.

"బుధారం నాడే కూసొని మొన్న బుధారం, నిన్న బేస్తారం అని ఎట్ల రాస్తరు మేడం? రాత్రంత లాయర్ సారుకు ఇచ్చేటందుకు పేజీలు సర్దుతుంటే కండ్ల వడ్డది. నేను గా రోజు గీడ లేను."

నేను ఆ లైన్ మళ్లీ చదివాను.

"మీకు ఎరుకేనా?" అంది.

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "మొన్న తెలిసింది. ఎల్లయ్య పొరపాటు తేదీ పెట్టాడు" అన్నాను.

ఆమె కవర్ వైపు చూసింది. "తెలిసినంకనే రాసిన్రా?"

తల ఊపాను. సిగ్గుతో చచ్చిపోయాను. నా కూతురి వయసు పిల్ల ముందు అలా కూర్చోవాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఏదో ఒకటి మాట్లాడాలని, "పోనీలేమ్మా, ఆ లైన్ ఎవరు చదువుతారు? కాగితం ఉంది, రిజిస్టర్ ఉంది, నా సంతకం ఉంది. తీసుకుపో" అన్నాను.

"కోర్టుల ఎవడన్న ఒక్కడు సదివితే నాకు కొత్తగ పోయేదేం లేదు మేడం. పోస్టే గద, ఎట్లన్న పోతది. మీ నౌకరి పోతది. గీ వయసుల మీరు నా కోసం దొంగ కాయిదం ఇచ్చిన్రని పేపర్ల వస్తది." అని కవర్‌ను నా వైపు నెట్టేసింది.

కవర్‌ను సొరుగులో పెట్టి అడిగాను. "మరి ఆ బుధవారం నువ్వెక్కడున్నావు స్వరూపా?"

ఆమె కిటికీలోంచి బయటకు చూసింది.

"ఒట్టు మేడం, నాకు యాదికి లేదు. నిన్నటిదాంక లైబ్రరీలనే ఉన్ననని మస్తు యాదికుండె. నాలుగో నంబర్ కంప్యూటర్, పక్కన ఫ్యాన్ గూడ యాదికుండె. గీ లైన్ చూసినంక అంత పోయింది. గన్ని ర్యాలీలల్ల తిరిగిన, ఏది ఏ దినమో కలిసిపోయింది. చౌరస్తల ఉన్ననేమో గూడ. ఉంటే ఉన్న. రాయి మాత్రం ఎయ్యలే. ఎన్నడు ఎయ్యలే. గది పక్క."

"అదే లాయరు గారికి చెప్పు."

"చెప్పిన. రాయి ఎయ్యలేదంటే చాలదట. యాడున్నవో చెప్పమంటడు."

తర్వాత సంచీలోంచి ఇంకో చీటీ తీసింది. తన చేత్తోనే రాసుకొచ్చింది. డిసర్టేషన్‌లో ఫలానా పేజీలోని ఏడు సైటేషన్లలో 'చూసిన తేదీ' తప్పుగా పడింది, అది బుధవారం కాదు, శుక్రవారం అని. ఇలాంటి చీటీని ఎర్రాటా స్లిప్ అంటారు. అచ్చులో పోయిన తప్పును ఒప్పుకుంటూ పుస్తకంలో అతికించేది. దానిమీద నా సంతకం కావాలంది, లైబ్రరీ కాపీలో ఇప్పుడే అతికించమంది.

"నెలాఖరు దాకా ఆగొచ్చు కదా, ఇంత తొందరేమొచ్చింది?" అన్నాను. నా మనసులో ఇంకా ఏదో దారి దొరకకపోతుందా అనే ఉంది.

"ఆగితే నాకు మళ్ల మనసు మారుతది మేడం. అమ్మ పొద్దున ఫోన్ చేసింది, ఆర్డర్ ఎప్పుడొస్తదని." చున్నీతో ముఖం తుడుచుకుంది.

సంతకం పెట్టాను. ఆమె డిసర్టేషన్‌ను ర్యాక్‌లోంచి తెప్పించి, జిగురు రాసి ఆ చీటీని మేమిద్దరమే అతికించాం. జిగురు ఆరేదాకా ఆమె అక్కడే నిలబడింది. "వస్తా మేడం" అని వెళ్లిపోయింది. లెటర్‌ను నాలుగు ముక్కలుగా చించి చెత్తబుట్టలో వేశాను. ఆ సాయంత్రం ఇంటికి నడిచి వెళుతూ తార్నాక చౌరస్తాలో కాసేపు ఆగాను. బస్సులు మామూలుగా తిరుగుతున్నాయి. ఆ పద్దెనిమిది మందిలో ఎందరు నిజంగా అక్కడున్నారో అనుకుంటూ నిలబడ్డాను.

పోస్టు పోయింది. జాబితాలో తర్వాతి వాళ్లకు ఇచ్చారు. స్వరూప మల్కాజ్‌గిరిలో ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలో చేరింది. రాష్ట్రం వచ్చాక విద్యార్థుల మీది కేసులు చాలా ఎత్తేశారు, ఆమెదీ పోయింది. పోయిన పోస్టు మాత్రం తిరిగి రాలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంది, ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతుంది. ఆ లెటర్ మాట ఇద్దరం ఎత్తం. నేను రిటైరయ్యేలోపు కంప్యూటర్లు మారాయి, తేదీ వాటంతట అవే పెట్టుకుంటున్నాయి. ఎల్లయ్యకు నేను ఒక్క మాట కూడా అనలేదు. అనడానికి నాకేం హక్కుంది?

ఈ కేసు నాకేం నేర్పిందని అడిగితే సూటిగా చెప్పలేను. ఆమె చేసింది సరైన పనేనని ఒకరోజు అనిపిస్తుంది. ఎవడో లిస్టు చూసి రాసుకున్న తప్పుడు పేరుకు, తప్పుడు తేదీతో జవాబిస్తే ఏం కొంప మునిగేదని ఇంకోరోజు అనిపిస్తుంది. ఆ రోజు నేను ఆ లెటర్‌ను బలవంతంగా ఆమె చేతిలో పెట్టి ఉంటే ఇవాళ ఆమె గవర్నమెంట్ కాలేజీలో సీనియర్ లెక్చరర్. లేదా మేమిద్దరం కోర్టులో దోషులం. ఏదో తెలియదు.

ఒక్క సంగతి మాత్రం ఆ తర్వాత వచ్చిన ప్రతి బ్యాచ్‌కూ చెప్పాను. ఆ ఉద్యమ కాలమంతా అందరం అవతలివాళ్ల సైట్లను జల్లెడ పట్టాం, అందులో తప్పులు పట్టుకోవడం ఏమంత కష్టం కాలేదు. మనకు మేలు చేసే పేజీ ఎదురైనప్పుడు దాన్ని పైనుంచి కిందిదాకా చదవాలంటేనే చేతులాడవు. నేను ఇరవై ఏళ్లు ఆ పాఠం చెప్పాను, స్వరూప ఒక్క ఏడాది విన్నది. తనను కాపాడే కాగితం చేతికొచ్చినప్పుడు ఆమె దాన్ని చదివింది. నేను చదవకుండా ఒకసారి, తెలిసి కూడా ఇంకోసారి సంతకం పెట్టాను.